రాష్ట్ర రహదారి వేసేదెవరు, పైసలెవరివి, రెండో వానాకాలానికే గుంతలెందుకు?

చౌరస్తా

మా మండల కేంద్రం మీదికెళ్లి పోయే రాష్ట్ర రహదారికి రెండేళ్ల కింద కొత్తగా డాంబర్ వేసిన్రు. మొదటి వానాకాలం మంచిగనే తట్టుకుంది. రెండోదానికి అంచులు తెగినయి, బస్టాండు కాడ గుంతలు పడ్డయి, వాగు దగ్గర రోడ్డు రెండు జాడల మేర కుంగింది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న జాతీయ రహదారి మాత్రం చెక్కుచెదరలేదు. "కాంట్రాక్టర్ తిన్నడు" అని ఊరంతా అంటది, అది ఎట్లనో పక్కన పెడదాం. అసలు ఏమేం పొరలు వేయాలె, ఎంత మందం వేయాలె, పైసలు ఎక్కడికెళ్లి వస్తయి, వేసినంక ఎవరు చూసుకోవాలె? తెలిసినోళ్లు లెక్కలతోని చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

పద్దులపుస్తకం

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలండీ, అర్జీలు చాలావరకు తప్పుడు ఆఫీసుకే పోతుంటాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 13వ అంశం కింద రోడ్లు, వంతెనలు రాష్ట్రానివి. కేంద్రం జాతీయ రహదారిగా ప్రకటించినవి మాత్రం కేంద్ర జాబితాలోకి వెళ్తాయి. జాతీయ, రాష్ట్ర, జిల్లా ప్రధాన, జిల్లా ఇతర, గ్రామ రోడ్లు అనే ఐదు మెట్లు 1943 నాటి నాగపూర్ ప్రణాళిక నుంచి వచ్చినవి. కిలోమీటరు రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి.

రాష్ట్ర, జిల్లా రోడ్లు ఆర్‌అండ్‌బీ, అంటే రోడ్లు భవనాల శాఖ చూస్తుంది. గ్రామ రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌వి. ఆర్‌అండ్‌బీలో సెక్షన్‌కు ఏఈ, సబ్‌డివిజన్‌కు డీఈ, డివిజన్‌కు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), సర్కిల్‌కు ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు), ఆ పైన సీఈ, ఈఎన్‌సీ. ఒప్పందం, బిల్లులు ఈఈ ఆఫీసు మీదుగా నడుస్తాయి కాబట్టి అర్జీ అక్కడ ఇచ్చి, నకలు ఎస్‌ఈకి పంపండి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. రాష్ట్ర రోడ్డును జాతీయ రహదారి చేస్తామని సూత్రప్రాయంగా ఒప్పుకుని, గెజిట్ రాక ఏళ్లు గడిచిపోయిన రోడ్లు దేశమంతా ఉన్నాయి. ఎలాగూ చేజారేదే కదా అని రాష్ట్రం దాని మీద ఖర్చు తగ్గిస్తుంది. గెజిట్ వచ్చేదాకా తనది కాదని కేంద్రం అంటుంది. మీది ఆ బాపతు కాదు కదా?

చౌరస్తా

కాదు సార్. ఆకుపచ్చ రాయే. జాతీయ రహదారి ముచ్చట ఏం లేదు.

నల్లరేగడి

మందానికి ఒకే అంకె ఉండదు, రోడ్డు రోడ్డుకూ లెక్క కట్టాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి తారు రోడ్ల డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ 37, 2018 కూర్పు ప్రకారం రాష్ట్ర రహదారిని కనీసం 20 ఏళ్ల ఆయుష్షుకు డిజైన్ చేస్తారు. ఆ లెక్కకు రెండు సంగతులు కావాలి. ఒకటి కింది మట్టి బలం, సీబీఆర్ అంటారు. మట్టి నమూనాను నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి తీస్తారు. రెండోది పైన నడిచే బరువు. వారం పాటు పగలూ రాత్రీ వాహనాలు లెక్కపెట్టి, లారీల ఇరుసులు తూచి, 20 ఏళ్లలో ఎన్ని ప్రామాణిక ఇరుసులు తిరుగుతాయో మిలియన్లలో చెబుతారు. మూడు టన్నులు దాటిన వాణిజ్య వాహనాలే ఈ లెక్కలోకి వస్తాయి. కార్లు, బైకులు ఎన్ని తిరిగినా తారు రోడ్డుకు లెక్కలోకి తీసుకునేంత నష్టం ఉండదు.

ఇక పొరలు కింది నుంచి చెబుతాను. రెండు లేన్లంటే 7 మీటర్ల తారు.

సబ్‌గ్రేడ్: మట్టి కట్టలో పై 500 మిల్లీమీటర్ల మందం, ఎంపిక చేసిన మట్టి. 200 మిల్లీమీటర్లకు మించని పొరలుగా పరిచి, తగిన తేమలో తొక్కించి, ప్రయోగశాల గరిష్ఠ సాంద్రతలో 97 శాతం తేవాలి. దాని కింది కట్టకు 95 శాతం చాలు. నల్లరేగడి ఉన్నచోట అసలు పరీక్ష ఇక్కడే. నానితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, నానినప్పుడు సీబీఆర్ రెండుకు పడిపోవడం మామూలే. ఆ మట్టిని తీసి మొరం పోయడమో, సున్నం కలిపి స్థిరపరచడమో చేయాలి. ఎస్టిమేట్ తగ్గించాలంటే ముందు కొట్టేసేది ఈ పద్దునే, ఎందుకంటే పైన తారు పడ్డాక ఎవరికీ కనపడదు.

జీఎస్‌బీ (గ్రాన్యులర్ సబ్ బేస్): సుమారు 200 మిల్లీమీటర్లు. నీటిని పక్కకు పంపే పొర ఇది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే దుమ్ము 5 శాతం లోపే ఉండాలి. తారు వెడల్పు దగ్గర ఆపేయకుండా కట్ట వాలు దాకా పరవాలి. ఆపేస్తే లోపల చేరిన నీళ్లు తొట్టిలో ఉన్నట్టు నిలిచిపోతాయి.

డబ్ల్యూఎంఎం: 250 మిల్లీమీటర్లు, రెండు పొరల్లో. ప్లాంటులో తడిపి కలిపిన కంకర మిశ్రమం, సాంద్రత 98 శాతం. లాస్ ఏంజెలెస్ అనే పరీక్షలో కంకర అరుగుదల 40 శాతానికి మించరాదు.

ఆ పైన తారు కలిపిన కంకర రెండు పొరలు: కింద 60 మిల్లీమీటర్ల డీబీఎం, దాని మీద 40 మిల్లీమీటర్ల బీసీ అనుకోండి.

కిలోమీటరుకు సరుకు ఎంతో చూడండి. బీసీ 7 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 280 ఘనపు మీటర్లు, దాదాపు 670 టన్నుల మిశ్రమం. తారు కనీసం 5.4 శాతం, అంటే 36 టన్నులు. డీబీఎం 420 ఘనపు మీటర్లు, తారు 4.5 శాతం చొప్పున మరో 44 టన్నులు. బీసీలో 10 మిల్లీమీటర్లు కోస్తే కిలోమీటరుకు 168 టన్నుల మిశ్రమం, అందులో 9 టన్నుల తారు మిగులుతుంది. మందం తగ్గించకుండా తారు అర శాతం తగ్గించినా మూడు టన్నులకు పైనే. మందం టేపుతో దొరుకుతుంది. తారు శాతం ప్రయోగశాలలో కరిగించి తీస్తే తప్ప దొరకదు.

చౌరస్తా గారూ, ఇప్పుడు అసలు ప్రశ్న. రెండేళ్ల కింద మీ రోడ్డుకు ఇవన్నీ తవ్వి వేశారా, పాత రోడ్డు మీదే ఒక పొర పరిచారా?

చౌరస్తా

తవ్వలేదు సార్. పాత రోడ్డు మీదనే మిషన్‌తోని పరిచిన్రు. రెండు రోజులల్ల మా ఊరి వరకు అయిపోయింది.

నల్లరేగడి

అయితే దాన్ని కొత్త రోడ్డు అనకండి, రెన్యువల్ అంటారు. సాధారణంగా 25 నుంచి 30 మిల్లీమీటర్ల బీసీ. ఐదారేళ్లకోసారి వేయాల్సిన పైపూత అది. నీళ్లు లోపలికి దిగకుండా చూస్తుంది, ప్రయాణం నున్నగా ఉంటుంది, కింద బలం మాత్రం పెరగదు. బలం చాలని రోడ్డుకు ముందు డిఫ్లెక్షన్ చూడాలి. బెంకెల్‌మన్ బీమ్ పెట్టి, లారీ చక్రం కింద ఎన్ని మిల్లీమీటర్లు వంగుతుందో కొలిచి, దాన్నిబట్టి డీబీఎంతో కలిపి మందపాటి ఓవర్‌లే వేయాలి. దాని ఖర్చు రెన్యువల్‌కు రెట్టింపు దాటుతుంది. నిధి పదికి ఉంటే ఇరవై కిలోమీటర్లు చూపించాలి, కాబట్టి బలం లేని రోడ్డుకూ రెన్యువలే పడుతుంది. మీ జాతీయ రహదారికీ దీనికీ తేడా చాలావరకు ఇక్కడే ఉంది.

డాంబర్‌డబ్బా

నల్లరేగడి అన్నకు ఒక జోడింపు. పల్చటి పొర అయితే వేసే పద్ధతి మీద ఇంకా గట్టి కాపలా ఉండాలె. 75 మిల్లీమీటర్ల డీబీఎం చాలాసేపు వేడి పట్టుకుంటది. 25 మిల్లీమీటర్ల బీసీ నిమిషాలల్లనే చల్లబడతది. వీజీ-30 తారు అయితే ప్లాంటుల తారు 150 నుంచి 165 డిగ్రీలు, కంకర 150 నుంచి 170. పేవర్ కాడ పరిచేటప్పుడు 140కి తగ్గొద్దు. రోలింగ్ 90 డిగ్రీలు దిగకముందే అయిపోవాలె. ప్లాంటు యాభై అరవై కిలోమీటర్ల అవతల ఉండి, టిప్పర్ మీద తాటిపత్రి లేకుంటే పైన చల్లబడి గడ్డలు కడతది. ఆ గడ్డలు పేవర్ల సరిగ్గా కలవయి. అక్కడ రోలర్ ఎంత తిప్పినా ఖాళీలు మిగులుతయి, ముందు కంకర లేచేది కూడ అక్కడే.

రోలింగ్ మూడు దఫాలు. ముందు 8-10 టన్నుల ఇనుప రోలర్, తర్వాత టైర్ల రోలర్, చివరికి జాడలు పోవడానికి 6-8 టన్నుల ఇనుప రోలర్. వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటొద్దు. అంచు కాడ మొదలుపెట్టి నడిమికి రావాలె.

రోలింగ్ కంటే ముందు ట్యాక్ కోట్, అంటే పాత పొరకు కొత్త పొర అతికే పూత. పాత తారు మీద ఆర్‌ఎస్-1 ఎమల్షన్ (నీళ్లల్ల కలిపిన తారు) చదరపు మీటరుకు 0.2 నుంచి 0.3 కిలోలు. 7 మీటర్ల రోడ్డుకు కిలోమీటరుకు టన్నున్నర నుంచి రెండు టన్నులు. కొట్టినప్పుడు కాఫీ రంగుల ఉంటది, నీళ్లు విడిపోయి నల్లగ కావాలె, అప్పుడే మిశ్రమం పోయాలె. గోధుమ రంగు మీదనే పోసేస్తే అతకదు. కంప్రెసర్‌తోని దుమ్ము ఊదకుంటే ట్యాక్ దుమ్ముకు అంటుకుంటది, రోడ్డుకు కాదు. డబ్ల్యూఎంఎం మీద అయితే ప్రైమ్ కోట్: ఎస్‌ఎస్-1, చదరపు మీటరుకు 0.7 నుంచి 1 కిలో, 24 గంటలు ఆరనియ్యాలె.

మన గ్రానైట్ కంకర సంగతి కూడ. గట్టిదే గానీ ఆమ్ల స్వభావం, నీళ్లు తగిలితే తారును వదిలేస్తది. పరీక్షల ఆ గుణం కనపడితే 2 శాతం తడిసున్నం ఫిల్లర్‌గ కలపాలె, లేకుంటే యాంటీ స్ట్రిప్పింగ్ రసాయనం. ఇది చేయని మిశ్రమం ఎండకాలం మంచిగ కనపడి వానాకాలం కంకర విడిచిపెడతది.

గోదారిగట్టు

తారు గురించి ఇంత రాశారు, నీళ్ల గురించి ఎవరూ రాయలేదేంటండీ? రోడ్డు నడుమ నుంచి అంచుకు 2.5 శాతం వాలు కావాలి. 7 మీటర్ల రోడ్డుకు నడుమ కంటే అంచు దాదాపు 9 సెంటీమీటర్లు పల్లం. తారు పక్కనుండే మట్టి బెర్ముకు ఇంకా ఎక్కువ, 3 శాతం పైనే. రెన్యువల్ వేసిన ప్రతిసారీ తారు ఎత్తు పెరుగుతుంది, బెర్ము మాత్రం అక్కడే ఉంటుంది. ఎదురుగా లారీ వస్తే బండి కిందకు దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఆ ఎక్కే దెబ్బకు అంచు పెళ్లలుగా ఊడుతుంది. చౌరస్తా గారు చెప్పిన అంచులు తెగడం ఇదే. అలాగని ఎత్తుగా మట్టి పోసి వదిలేసినా ఇబ్బందే. గడ్డి మొలిచి బెర్ము తారు కంటే ఎత్తయిపోతే రోడ్డే కాలవ అవుతుంది. వాన నీళ్లు అంచున నిలబడి తారు కిందకి దిగుతాయి.

డెల్టాలో బాధ వేరు. రొయ్యల చెరువులు, చేపల చెరువులు రోడ్డు కట్టను ఆనుకుని తవ్వేస్తారు. చెరువులో నీటి మట్టం సబ్‌గ్రేడ్ కంటే ఎత్తున ఉంటే ఏడాది పొడవునా కట్ట తడిగానే ఉంటుంది. వేసవిలో తీసిన సీబీఆర్ అక్కడ పనికిరాదు. ఎత్తు పెంచాలి, కింద ఇసుక పొర వేయాలి, చెరువు వైపు గోడ కట్టాలి. లేదంటే లారీ వెళ్లినప్పుడల్లా పగుళ్లలోంచి బురద నీరు పైకి చిమ్ముతుంది. చిమ్మిన బురద అంటే డబ్ల్యూఎంఎంలోని సన్న పొడి. అది పోయిందంటే పైన తారు గుల్ల మీద నిలబడ్డట్టే.

తూములు కూడా చూడండి. కల్వర్టు గొట్టం మీటరు వ్యాసానికి తగ్గితే పూడిక తీయడానికి మనిషి దూరలేడు. పొలం గట్లు జరిపి తూము నోరు కప్పేసిన చోట ఒక్క గట్టి వానకు రోడ్డు తెగుతుంది. తర్వాత దాన్ని వరద నష్టం మరమ్మతు, ఎఫ్‌డీఆర్ కింద రాసి కొత్తగా కడతారు. పారతో పోయే పని లక్షల్లోకి వెళ్తుంది.

ఇరుసుబరువు

నీళ్లదే అంతా అంటే ఒప్పుకోను. బరువు లెక్క చూడండి. ప్రామాణిక ఇరుసు 80 కిలోన్యూటన్లు, అంటే 8.16 టన్నులు. నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నాలుగు టైర్ల ఇరుసు పాత పరిమితి 10.2 టన్నులు, దాని నష్టం 2.44 ప్రామాణిక ఇరుసులంత. 2018లో కేంద్రం పరిమితిని 11.5 టన్నులకు పెంచింది. అదే ఇరుసు ఇప్పుడు 3.9. చట్టం ప్రకారం నడిచే లారీయే రోడ్డును ముందుకంటే 60 శాతం ఎక్కువ అరగదీస్తుంది. ఇక ఇసుకో గ్రానైటో ఎక్కించి ఇరుసు 15 టన్నులైతే నష్టం 11 ప్రామాణిక ఇరుసులు దాటుతుంది. పాత బరువులతో కట్టిన రోడ్ల డిజైన్ ఆయుష్షు ఆ రోజుతోనే తగ్గిపోయింది, ఎవరూ ఏమీ తినకుండానే.

డాంబర్‌డబ్బా

దానికి తోడు కేజ్ వీల్స్. నాటు సీజన్ల ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోని డాంబర్ మీద పోతయి. ఒక్కొక్క పట్టీ ఒక గాటు. జులైల పడ్డ గాట్లల్లకు ఆగస్టు వాన దిగుతది. ఇది కేసు పెట్టి ఆపే పనే గానీ ఊళ్లె ఎవరు పెడతరు?

గోదారిగట్టు

ఇరుసుబరువు గారూ, పొడి సబ్‌గ్రేడ్ మీద మీరన్న 15 టన్నుల ఇరుసు లారీ చేసే నష్టం, తడి సబ్‌గ్రేడ్ మీద మామూలు లారీ చేసే నష్టం పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కలిస్తేనే రోడ్డు పోతుంది. మీరు ఇరుసును ఆపలేరు, నేను నీటిని మళ్లించగలను. ఇంజనీరు చేతిలో ఉన్నది ఏదో అదే ముందు చేయాలంటున్నాను.

ఇరుసుబరువు

అంతవరకు సరే. క్వారీ ఉన్న దారిలో డిజైన్‌కు ముందు ఇరుసులు తూచకుండా పుస్తకంలోని సగటు వేసుకుంటే మీ డ్రైన్లు కూడా కాపాడలేవు. నా మాట అంతే.

పద్దులపుస్తకం

డబ్బు సంగతికి వస్తున్నాను, కాస్త పొడుగవుతుంది. రోడ్డు ఎందుకు పోయిందో సగం జవాబు బడ్జెట్ పుస్తకంలోనే దొరుకుతుంది.

రాష్ట్ర బడ్జెట్లో రోడ్లకు రెండు పద్దులుంటాయి. 5054 అంటే రోడ్లు, వంతెనల మీద పెట్టుబడి వ్యయం: కొత్త రోడ్డు, వెడల్పు, వంతెన. 3054 అంటే రెవెన్యూ వ్యయం: గుంతలు, బెర్ములు, కంప కొట్టడం, రెన్యువల్స్. తేడా అప్పు దగ్గర వస్తుంది. 5054 పనులకు అప్పు పుడుతుంది. నాబార్డు 1995-96 నుంచి ఇస్తున్న ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక సదుపాయాల నిధి) రుణం, 2020-21 నుంచి కేంద్రం పెట్టుబడి పనులకు ఇస్తున్న 50 ఏళ్ల వడ్డీలేని రుణం, ప్రపంచ బ్యాంకు, న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు రుణాలు, ఇవన్నీ ప్రధానంగా కొత్త ఆస్తి సృష్టించే పనులకే. 3054కు ఎవరూ అప్పివ్వరు. జీతాలు, పెన్షన్లు, సబ్సిడీలు వెళ్తున్న సంచిలోంచే అది రావాలి, కోత పడితే ముందు పడేదీ దాని మీదే. అందుకే వెడల్పు చేసే పనికి నిధులు దొరికిన ఊళ్లోనే బెర్ముకు మట్టి పోయడానికి నిధులుండవు.

కేంద్రం నుంచి సీఆర్‌ఐఎఫ్ (కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధి) వస్తుంది. పెట్రోలు, డీజిలు మీద సెస్సుతో 2000 నాటి చట్టం కింద ఏర్పడిన కేంద్ర రోడ్డు నిధికి 2018లో పేరు, పరిధి మారాయి. అందులో రాష్ట్ర రోడ్ల వాటాను ఇంధన వాడకానికి 30 శాతం, భౌగోళిక విస్తీర్ణానికి 70 శాతం బరువిచ్చి పంచుతారు. ఇదీ ఎంపిక చేసిన పనులకే, గుంతలకు కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లో లీటరుకు రూపాయి చొప్పున సొంత రోడ్డు సెస్సు వేసింది. మరమ్మతుకు స్థిరమైన ఆదాయం వెతికిన ప్రయత్నం అది. సెస్సు చూపించి అప్పు తెస్తే మాత్రం రేపటి మరమ్మతు డబ్బు ఇవాళే ఖర్చయినట్టు.

టోలు దారి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రోడ్డు అభివృద్ధి సంస్థ పెట్టారు. హైదరాబాద్-కరీంనగర్-రామగుండం రాజీవ్ రహదారి, నార్కెట్‌పల్లి-అద్దంకి-మేదరమెట్ల రోడ్డు బీఓటీలో, అంటే కంపెనీయే కట్టి, నడిపి, గడువు తీరాక అప్పగించే పద్ధతిలో వచ్చాయి. అలాంటి ఒప్పందంలో మరమ్మతు ప్రమాణం ముందే రాసి ఉంటుంది, తప్పితే జరిమానా. వాహనాలు తక్కువున్న రోడ్డుకు టోలుతో గిట్టదు. హ్యామ్ పద్ధతి అందుకే వచ్చింది: ఖర్చులో 40 శాతం పని నడుస్తుండగా ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం వాయిదాల మీద వడ్డీతో కడుతుంది. జాతీయ రహదారుల నమూనాలో ఆ వాయిదాలు ఆరు నెలలకోసారి, 15 ఏళ్లు. అన్నేళ్లూ నిర్వహణ కాంట్రాక్టరుదే. రోడ్డుకు మంచిదే, రాబోయే ప్రభుత్వాల చేతులు మాత్రం కట్టేస్తుంది.

లెవెల్‌మిషన్

పద్దుల వారు వదిలేసిన ముక్క ఒకటి. డబ్బు మంజూరు కావడం ఒకటి, చేతికి రావడం ఇంకొకటి. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండరు, ఒప్పందం, పని, ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) కొలత, పై అధికారి చేసే చెక్ మెజర్‌మెంట్, బిల్లు. అక్కడ బిల్లు ఆగితే ఏమవుతుందో రోడ్డు మీద కనపడుతుంది. కాంట్రాక్టరు డబ్ల్యూఎంఎం వరకు వేసి ఆపేస్తాడు. డబ్ల్యూఎంఎం మీద బండ్లు నడవకూడదు, కానీ దారి అదొక్కటే. చక్రాలకు పైన ఉన్న సన్న పొడి దుమ్మై ఎగిరిపోతుంది, కంకర విడిపోతుంది, గుంత పడుతుంది. ఏడాది తర్వాత బిల్లు వచ్చి తారు వేస్తారు. పై పొర చెక్కి, తడిపి, కొత్త మిశ్రమం కలిపి మళ్లీ తొక్కించాలి. గుంతల్లో నాలుగు తట్టల కంకర పోసి ప్రైమ్ కొట్టేసి తారు పరిస్తే ఆ తట్టలు పోసిన చోటే రెండో ఏడు కుంగుతుంది.

భారీగా తక్కువకు కోట్ చేసి పని పట్టుకున్నవాడిది ఇంకో కథ. పైన నల్లరేగడి గారు చూపిన 10 మిల్లీమీటర్లు, అర శాతం గుర్తుంచుకోండి, అతని లాభం అక్కడే దాక్కుంటుంది.

బెర్ము

గుంత పూడ్చడం గురించి కొంచెం రాయండి ఎవరైనా. మా దగ్గర నీళ్లున్న గుంతలోనే కంకర, దుమ్ము పోసి వెళ్లిపోతారు.

డాంబర్‌డబ్బా

అది పూడ్చుడు కాదు. ఎట్ల చేయాలంటే, గుంత చుట్టు మంచి తారు వచ్చేదాక చతురస్రమో దీర్ఘ చతురస్రమో గీయాలె. అంచులు నిలువుగ కోయాలె. గుండ్రటి గుంతకు పల్చటి అంచు ఉంటది, అది మొదటి లారీకే లేస్తది. కింద గట్టి పొర తగిలేదాక తీసి, నీళ్లు తోడి, ఆరబెట్టి, ఊదాలె. అడుగుకు, నాలుగు గోడలకు ట్యాక్ కొట్టాలె. అందరు అడుగుకు కొట్టి గోడలు మరిచిపోతరు, మళ్ల నీళ్లు దిగేది ఆ గోడ సందులకెళ్లే. లోతు 100 మిల్లీమీటర్లు దాటితే రెండు పొరలు. ప్రతి పొర అంచు నుంచి నడిమికి తొక్కించాలె, ప్లేట్ కంపాక్టర్ సరిపోతది. చివరకు చుట్టు రోడ్డు కంటే కొంచెం ఎత్తుల ఉంచితే చక్రాలే దింపుతయి.

వానలు పడుతున్నప్పుడు వేడి మిశ్రమం వద్దు, ఎమల్షన్‌తోని కలిపిన కోల్డ్ మిక్స్ సంచులు దొరుకుతయి. అది అప్పటికి మాత్రమే, దసరా దాటినంక సరిగ్గ చేసుకోవాలె.

నల్లరేగడి

చౌరస్తా గారు రోడ్డు మీదకు వెళ్లి తనే జబ్బు గుర్తుపట్టొచ్చు. చక్రాల దారిలో మొసలి చర్మంలాంటి పగుళ్లు, వాటిలోంచి బురద: కింద సబ్‌గ్రేడో డబ్ల్యూఎంఎమ్మో పోయింది, పైన ఎన్నిసార్లు ప్యాచ్ వేసినా దండగ, తవ్వాల్సిందే. పై పొర అట్టలా లేచి, కింద పాత తారు శుభ్రంగా నల్లగా కనపడితే ట్యాక్ కోట్ సరిగా పడలేదు. కంకర గుండ్లు ఒక్కొక్కటిగా విడిపోతుంటే తారు తక్కువైనా కావాలి, చల్లబడ్డాక తొక్కించి ఉండాలి, కంకర తారు వదిలి ఉండాలి. ఒక గుండు చేతిలోకి తీసుకుని చూడండి. రాయి బోడిగా, రాతి రంగులో ఉంటే తారు వదిలింది. నల్లగా ఉండి పొడిపొడిగా రాలితే తారు తక్కువ, లేదా ప్లాంటులో మాడింది. పగుళ్లు లేకుండా రెండు జాడలుగా కుంగితే ఆ చోట సాంద్రత రాలేదు. మీ వాగు దగ్గర కుంగింది ఇదే అయి ఉండొచ్చు. కల్వర్టు గోడ వెనక నింపిన మట్టిని పెద్ద రోలర్ తొక్కలేదు, చిన్న కంపాక్టర్‌తో పల్చటి పొరలుగా తొక్కించాలి, ఆ ఓపిక తక్కువమందికి ఉంటుంది.

బస్టాండు దగ్గర గుంతలకు కారణం వేరుగా ఉంటుంది. బ్రేకులు, డీజిలు చుక్కలు, ఇళ్ల మురుగు నీళ్లు. ఊరి నడుమ డ్రైను లేని చోట తారు నిలవదు. అక్కడ సిమెంటు రోడ్డే మేలు: కింద సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు పొర, పైన ఎం-40 రకం కాంక్రీటు, నాలుగున్నర మీటర్లకొక జాయింటు కోత, పక్కన డ్రైను. డ్రైను లేకుండా సిమెంటు వేస్తే నీళ్లు పోయి ఊరి చివర తారు రోడ్డు మొదలయ్యే అతుకు దగ్గర చేరతాయి. గుంత అక్కడికి మారుతుంది, అంతే.

గోదారిగట్టు

ఆ అతుకు దగ్గర గుంత ప్రతి ఊళ్లోనూ ఉంటుందండీ. సిమెంటు దిమ్మె కొసలో తారుకు సాంద్రత రాదు, నీళ్లు చేరతాయి, పైగా లారీ దిమ్మె దిగిన దెబ్బ.

చౌరస్తా

అందరికీ చాలా థాంక్స్. ఆఖరు ప్రశ్న. డిఫెక్ట్ లయబిలిటీ, అంటే పని అయినంక కొన్నేండ్లు లోపాలు కాంట్రాక్టరే సరిచేయాలన్న షరతు ఉంటే ఆయనతోనే చేయించొచ్చు కదా? కాయితాలు ఎట్ల తీయాలె?

లెవెల్‌మిషన్

సమాచార హక్కు చట్టం, 2005. ఈఈ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు, 30 రోజుల గడువు. "రోడ్డు ఎందుకు పోయింది" అని అడగొద్దు, కాయితం పేరుతో అడగాలి. ఈ కిలోమీటరు నుంచి ఈ కిలోమీటరు దాకా పనికి: ఒప్పందం నకలు, పని పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం తేదీ, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ముగిసే తేదీ, ఎం-బుక్కులో బీసీ కొలతల పేజీలు, నాణ్యత విభాగం తీసిన కోర్ (రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసే ముక్క) మందాలు, తారు శాతం, సాంద్రత నివేదికలు, తారు కొన్న ఇన్వాయిస్‌లు. ఇన్వాయిస్ టన్నులను నల్లరేగడి గారి లెక్కతో పోల్చండి. మీ రెన్యువల్ 30 మిల్లీమీటర్లైతే కిలోమీటరుకు 27 టన్నుల చుట్టుపక్కల తారు పడి ఉండాలి.

గడువు సంగతి పనిని బట్టి మారుతుంది. రెన్యువల్‌కు రెండేళ్లే ఉంటే మీకు రోజులు దగ్గరపడ్డాయి. కాయితాల కోసం ఆగకుండా ఇవాళే ఫొటోలతో, కిలోమీటరు రాయి అంకెతో ఈఈకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు లోపల నోటీసు వెళ్తే కాంట్రాక్టరు కట్టిన డిపాజిట్ విడుదల ఆపొచ్చు, కాంట్రాక్టరు చేయకపోతే ఆ డబ్బుతో వేరేవాళ్లతో చేయించొచ్చు. డిపాజిట్ తిరిగిచ్చేశాక వసూలు చాలా కష్టం.

పద్దులపుస్తకం

ఇంకొక్కటి కలపండి. అదే చట్టంలో సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. కోర్ తీయించమని దరఖాస్తులోనే రాయొచ్చు. అడిగేటప్పుడు చోటు మీరే చెప్పండి: రోడ్డు నడుమ ఒకటి, అంచు నుంచి అర మీటరు లోపల ఒకటి. మందం తగ్గేది అంచు దగ్గరే.